ముట్టొద్దన్న వైరు

సక్రికి మనుషుల మీద అంత తేలిగ్గా గౌరవం కుదరదు. ఏన్కూరు దగ్గరి తండాలో పుట్టి, పక్క తండాలో కాపురం చేసి, యాభై ఏళ్లు వచ్చినా ఇంకా మందు కొట్టే పంపు వీపున మోస్తున్న మనిషి. పని తెలిసినవాడు వస్తే మంచం వాల్చి కూర్చోబెడుతుంది. తెలియకుండా పెత్తనం చేసేవాణ్ని చూస్తే మూతి పక్కకు తిప్పుకుంటుంది. భర్త పూల్‌సింగ్ ఖమ్మం మిర్చి యార్డులో హమాలీ, వారానికోసారి ఇంటికొస్తాడు. ఆ మూతి తిప్పుడు అతనికీ తప్పదు.

వెంకటనారాయణ కరెంటు కారు కొన్న రోజు నుంచి మాత్రం ఆ మూతి మళ్లీ తిన్నగా రాలేదు. ఆమె కౌలుకు చేస్తున్న రెండెకరాల మిరపచేనుకు ఆయన ఆసామి. ఖమ్మంలోని ఖానాపురం హవేలిలో రెండంతస్తుల ఇల్లు, బజార్లో ఎరువుల కొట్టు. ఇంటి దగ్గర చార్జింగ్ పెడితే మీటరు తిరుగుతుందని ఆ మహానుభావుడు గంటసేపు కారు తోలుకుని పొలానికి వస్తాడు. వ్యవసాయానికిచ్చే ఉచిత కరెంటు ఉండనే ఉందాయె. బోరు మోటారు స్టార్టర్ డబ్బాలోంచి వైరు లాగించి, దాన్ని కారుకు తగిలించి, చింతచెట్టు కింద కుర్చీ వేసుకుని ఫోను చూసుకుంటాడు. ఎక్కించుకున్న చార్జింగులో సగం వచ్చిపోవడానికే సరి. ఈ మాత్రం తెలియనివాడు రైతులకు ఏ ఎరువు ఎంత వెయ్యాలో చెబుతాడు, మన ఖర్మ.

నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ ఆ లైను కారునూ మోటారునూ ఒకేసారి మోయలేదు. రెండూ కలిసి లాగితే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫీజు కొట్టేస్తుంది. అందుకని కారు తగిలించి ఉన్నంతసేపు మోటారు వెయ్యకూడదని ఆయన హుకుం. జనవరి నెల, మిరప పూతా పిందె మీద ఉంది. ఒక్క తడి తప్పితే పూత రాలిపోతుంది. సక్రి ఏడాది బతుకంతా ఆ పూతలోనే ఉంది.

అలాంటి సమయంలో ఒక శుక్రవారం ఆయన కారును వైరుకు తగిలించి, బావమరిది కారెక్కి విజయవాడలో పెళ్లికి బయల్దేరాడు. మూడు రోజుల దాకా రాడట.

"వైరు తీసి పోరాదు సారూ. రేపు తడి పెట్టాలె," అంది సక్రి.

"తియ్యకూడదు సక్రీ, తగిలించే ఉంచాలి. ఎనభై శాతం దగ్గర అదే ఆగిపోద్ది. అంతా ఫోన్లో సెట్ చేసిపెట్టా. నువ్వు మాత్రం ఆ వైరు ముట్టమాకు," అన్నాడాయన.

అది ఆగిపోయాక మోటారు వేసుకోవచ్చు కదా అన్న సంగతి ఆ బుర్రకు తట్టలేదు.

శనివారం పొద్దెక్కేసరికి మిరపాకులు ముడుచుకుపోయాయి. సక్రి స్టార్టర్ డబ్బా దగ్గరికి వెళ్లింది. ఎంత కరెంటు లాగుతోందో చూపించే ముల్లు ఒకటి దాని మీద ఉంటుంది. బోరులో నీళ్లు తగ్గాయో, మోటారు కాలబోతోందో పదిహేనేళ్లుగా ఆ ముల్లును చూసే చెబుతుందామె. నిన్న సాయంత్రం కారు లాగుతున్నప్పుడు అది సగం దాకా లేచింది. ఇప్పుడు సున్నా మీద పడుకుని ఉంది. కారు కడుపు నిండిందన్నమాట. ఆమె పచ్చ బటన్ నొక్కింది. ముల్లు రోజూ నిలబడే చోటికే వచ్చి నిలబడింది, ఫీజుకు ఏమీ కాలేదు. చీర ఎగ్గట్టి, పార పట్టుకుని సాళ్లకు నీళ్లు మళ్లించడం మొదలుపెట్టింది.

సగం చేను తడిసేసరికి ఫోను మోగింది. వెంకటనారాయణ. వెనక బాజాలు, చుట్టాల నవ్వులు వినిపిస్తున్నాయి. తను పెళ్లిలో కూర్చునే ఫోన్లో కారుకు ఎనభై తీసి వంద పెట్టానని, దాని లైటు వెలిగిందో లేదో చూసి గట్టిగా చెప్పమని, అందరూ వింటున్నారని అన్నాడు. ఆమె నోరు తెరిచేలోపే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫట్‌మంది. మోటారు ఆగిపోయింది.

"వెలిగిందా?" అన్నాడాయన.

"ఆరిపోయింది సారూ," అని ఫోను పెట్టేసింది.

గట్టు మీద కూలబడింది. ఏడుపొచ్చింది, ఒళ్లు మండితే వచ్చే ఏడుపు. పెళ్లిలో నలుగురి ముందు గొప్ప కోసం వేలితో ఒక్కసారి గీకాడు, ఇక్కడ ఎకరం పూత ఎండుతోంది. ఫీజు వెయ్యాలంటే లైన్‌మెన్ రవికుమార్ రావాలి. అతనొస్తే దొంగ కరెంటు లాగిన కారు వైరు కళ్లబడుతుంది. దాన్ని డబ్బాలోంచి పీకి చెట్టు చాటున దాచడం ఒక్క నిమిషం పని. సక్రి వైరు వైపు చూసింది. ఎక్కడిది అక్కడే వదిలేసి రవికుమార్‌కు ఫోను చేసింది.

అతను వచ్చి స్టార్టర్ డబ్బా చూశాడు, వైరు వెంటే నడిచి కారు దాకా వెళ్లాడు. ఎవరు లాగారని అడిగితే, సారే లాగించాడని ఉన్నదున్నట్టు చెప్పింది. రవికుమార్ ఫొటోలు తీసుకుని, వైరు కత్తిరించి, చుట్టచుట్టి బండికి తగిలించుకున్నాడు. ఆ తర్వాత ఫీజు వేశాడు. మోటారు మళ్లీ అందుకుంది.

పొద్దు వాలేవేళ ఆఖరి సాళ్లకు నీళ్లు పారుతుండగా వెంకటనారాయణ మళ్లీ ఫోను చేశాడు. సంగతి కరెంటు ఆఫీసు దాకా వెళ్లిందట. ఈసారి బాజాలు లేవు, గొంతు సన్నబడింది. లైన్‌మెన్ వచ్చేలోపు ఆ వైరు తీసి దాచిపెట్టొచ్చు కదా, ఆ మాత్రం తెలీదా అని అడిగాడు.

"ముట్టొద్దన్నవ్ గద సారూ. ముట్టలే."

అయితే వచ్చే ఏడు వేరే చేను చూసుకోమన్నాడు. ఆ మాట వస్తుందని రవికుమార్ నంబరు నొక్కినప్పుడే ఆమెకు తెలుసు. తెలిసే నొక్కింది.

"నేను చేను చూసుకుంట. ఈడ ముల్లు చూసే మనిషిని నువ్వు చూసుకో," అంది సక్రి. ఫోను బొడ్లో దోపుకుని, చివరి సాలుకు నీళ్లు మళ్లించడానికి వెళ్లింది.