నిద్రపోతున్న బిడ్డ

భాగ్యవతి బొటనవేలితో నొక్కి చూస్తుంది. పసిబిడ్డ రొమ్ము మీద వేలు ఆనించి, మెల్లగా నొక్కి, తీస్తుంది. వేలు తీసిన చోట ఒక్క క్షణం నెత్తురు తప్పుకుంటుంది. ఆ క్షణంలో చర్మం పచ్చగా కనిపిస్తే కామెర్లు.

ఇంట్లోనూ నొక్కుతుంది, భర్త జక్కయ్య పాదాల మీద. అక్కడ వేలు తీసినా గుంట అలాగే ఉండిపోతుంది. ఆరేళ్ళుగా అతనికి కిడ్నీల జబ్బు. ఉద్దానంలో ఆ జబ్బు లేని వీధి లేదు. మంగళవారం, శుక్రవారం పలాసలో డయాలసిస్. రెండు రోజులూ ఆమె వెంట వెళ్తుంది.

భాగ్యవతి ఆ ఊరి ఆశ కార్యకర్త. పుట్టిల్లు భావనపాడు. పెళ్ళయి ఈ జీడితోటల మధ్యకు వచ్చింది. పదమూడేళ్ళ పనిలో, ఊళ్ళో బడికి వెళ్ళే పిల్లలందరినీ మొదటి వారంలోనే ఎత్తుకుంది.

పోయిన ఏడాది ఆమె ఫోన్‌లో కామెర్లు కనిపెట్టే కొత్త యాప్ వేశారు. దానితో ఒక అట్టముక్క ఇచ్చారు. మధ్యలో రంధ్రం, చుట్టూ రంగు గళ్ళు. అట్టను బిడ్డ రొమ్ము మీద పెట్టి ఫోటో తీయాలి. ఆకుపచ్చ చుక్క వస్తే పరవాలేదు. ఎర్ర చుక్క వస్తే నెత్తురు పరీక్షకు టెక్కలి పంపాలి. రొమ్ము శుభ్రంగా ఉండాలని, ఎరుపు వస్తే ఆలస్యం చేయకూడదని శిక్షణలో చెప్పారు.

ఇక్కడ పసిపిల్లలకు పసుపు రాసి నీళ్ళు పోస్తారు. ఎండాకాలంలో పాపారావు మనవరాలికి ఎరుపు వచ్చింది. ఆటో మాట్లాడి టెక్కలి పంపింది భాగ్యవతి. అక్కడ నర్సు తడి దూదితో బిడ్డ రొమ్ము తుడిచింది. దూది పచ్చబడింది. నెత్తురులో ఏమీ లేదు. ఆ తరువాత బోరింగు దగ్గర చాలా రోజులు అదే మాట.

"ఆశమ్మ ఫోనుకి పసుపుకొమ్ము సూపించండర్రా. దానికీ కామెర్లే అంతాది."

భాగ్యవతి కూడా నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

వానలు మొదలయ్యాక వరహాలమ్మ కోడలు దీప్తికి కొడుకు పుట్టాడు. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఐదో రోజు, గురువారం, భాగ్యవతి వెళ్ళేసరికి నీళ్ళు పోయడం అయిపోయింది. మెడ మడతల్లో పసుపు ఇంకా ఉంది. బిడ్డ నిద్రపోతున్నాడు. అట్ట పెట్టి ఫోటో తీసింది.

"ఏటే భాగ్యం, అలా ఉండిపోనావు?" అంది వరహాలమ్మ.

"ఎర్రసుక్క వచ్చిందప్పా."

"రాదేటి మరి? ఇప్పుడే కదే పసుపెట్టి నీల్లోసినాను. పాపారావు ఇంటోల్ని తిప్పినావు, సాల్లేదా? మమ్మల్ని కూడా తిప్పుతావేటి?"

భాగ్యవతి కొంగు తడిపి తుడిచింది. కొంగు పచ్చబడింది. వేలితో నొక్కి తీసింది. అక్కడా పచ్చగానే ఉంది. పైదో, లోపలిదో వేలికి తెలియదు. కన్ను చూస్తే తెలుస్తుంది. ఎంత పసుపు రాసినా కంటి తెల్లగుడ్డులోకి పోదు. ఊళ్ళో తల్లులకు ఆ మాట చెప్పేది ఆమే. రెప్ప తీయడానికి చెయ్యి చాచింది.

"లెగ్గొట్టకే. బంగారు గుంటడు, ఏడుపే లేదు. తెల్లారి నుంచీ అలాగే తొంగున్నాడు."

"పాలు తాగుతున్నాడా దీప్తీ?"

"నోట్లో పెడితే తొంగుండిపోతన్నాడక్కా."

భాగ్యవతి చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇంక పసుపు ఎట్టకప్పా. సబ్బెట్టి కడుగు. నాను మల్లీ వచ్చి సూత్తాను."

శుక్రవారం జక్కయ్యకు ఆయాసం ఎక్కువైంది. పలాసలో వాళ్ళ వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆసుపత్రి మెట్ల మీద నుంచి దీప్తికి ఫోన్ చేసింది. "తొంగున్నాడక్కా" అంది దీప్తి.

శనివారం పొద్దున వరహాలమ్మ వీధి మొదట్లోనే ఏడుపు వినిపించింది. సన్నని, గీరుకుపోయే ఏడుపు. బిడ్డ నడుము వెనక్కి విరుచుకుపోయి ఉన్నాడు. భాగ్యవతి రెప్ప తీసింది. లోపల పండిన పసుపు జీడిపండు రంగు.

టెక్కలి, అక్కడి నుంచి శ్రీకాకుళం. నీలం దీపాల కింద పడుకోబెట్టారు. నెత్తురు మార్చారు. కామెర్లు మెదడుకు ఎక్కాయన్నాడు డాక్టరు. ఎన్నాళ్ళ నుంచి మగతగా ఉన్నాడని అడిగాడు. దీప్తి భాగ్యవతి వైపు చూసింది. కోపంతో కాదు. జవాబు ఆమె చెబుతుందని.

సోమవారం మధ్యాహ్నం బిడ్డ పోయాడు. పొద్దు ఉండగానే జీడితోటలో ఇసుక తవ్వి పూడ్చారు.

"నానే కదే లెగ్గొట్టొద్దన్నాను" అంది వరహాలమ్మ గోడకు ఆనుకుని.

"నువ్వు అంతావప్పా. నాను ఇనకూడదు."

దిష్టి తగులుతుందని ఆ ఇంట్లో పురుడు వెళ్ళేదాకా పసిపిల్లలకు ఫోటో తీయరు. దీప్తి లోపలి నుంచి పిలిచింది.

"అక్కా, నీ ఫోన్లో బాబు ఫొటో ఉంది కదా?"

భాగ్యవతి తెరిచి ఇచ్చింది. రంగు గళ్ళు. మధ్యలో రూపాయి బిళ్ళంత చర్మం. ముఖం లేదు.

"ఇంతేనా అక్కా?"

"ఇంతే అమ్మా."

దీప్తి రెండు వేళ్ళతో ఆ చర్మాన్ని పెద్దది చేసి చూసింది. తెర ఆరిపోతే మళ్ళీ వెలిగించమంది. భాగ్యవతి వెలిగించింది. మూడుసార్లు.

మరునాడు మంగళవారం. జక్కయ్యను అతని తమ్ముడితో పలాస పంపింది. "రావేటి?" అన్నాడతను. "నువ్వెల్లు బావా" అంది. ఆరేళ్ళలో అతన్ని వేరే మనిషితో పంపడం అదే మొదలు.

వాళ్ళు వెళ్ళగానే నేరుగా ఊళ్ళోనే ఉండే కామేశ్ ఇంటికి వెళ్ళింది. అతని కూతురు పుట్టి ఐదో రోజు. కామేశ్ తల్లి నూకమ్మ గుమ్మంలో అడ్డం కూర్చుని ఉంది.

"తొంగుంది. కాసేపాగి రాయే."

భాగ్యవతి ఆమెను దాటుకుని లోపలికి వెళ్ళింది. గోరువెచ్చని నీళ్ళు, సబ్బు అడిగింది. పాప రొమ్ము కడిగి మెత్తని గుడ్డతో అద్దింది. ఎత్తుకుని వెలుతురులోకి వచ్చింది. అరికాలి మీద వేలితో మీటింది. పాప కదలలేదు. మళ్ళీ మీటింది. పాప ముఖం ముడిచి గట్టిగా ఏడ్చింది.

"బుద్ధి నేదేటే నీకు?" నూకమ్మ లేచింది. "తొంగున్న గుంటని ఏడిపిత్తావా?"

పాప ఒక కన్ను తెరిచింది. తెల్లగా ఉంది. రెండో కన్ను తెరిచేదాకా భాగ్యవతి పాపను నూకమ్మకు ఇవ్వలేదు.