అంజమ్మ కండ్లతోని ఇచ్చిన జవాబు

ఆ పొద్దు బిడ్డలకు నూనె రాసి నీళ్ళు పోస్తున్న. పెద్దది సోమక్కది అయిపోయింది. చిన్నది అంజమ్మను కాళ్ళమీద పండవెట్టుకుంటే, దాని రెండు కాళ్ళు కత్తెర లెక్క ఒకదానిమీద ఒకటి పడ్డయి. విడదీసిన. మల్ల పడ్డయి. గట్టిగ, కట్టె లెక్క ఉన్నయి. ఇద్దరు కవలలు, ఎనిమిదో నెల నడుస్తున్నది. సోమక్క పక్కన చాపమీద కూసోని గిన్నె కొడుతున్నది. అంజమ్మకు ఇంకా మెడ నిలవలే.

మాది సూర్యాపేట పక్కన చివ్వెంల. అప్పుడు నిజాం సర్కారు. ఇద్దరూ ఇంట్లనే పుట్టిన్రు. సోమక్క పుట్టంగనే ఏడ్సింది. అంజమ్మ నీలంగ వచ్చింది. మంత్రసాని వీపు రుద్ది, నీళ్ళు చల్లి, చానా సేపటికి గొంతు తెప్పించింది. బతికింది, సాలనుకున్నం.

"గాలి సోకింది బిడ్డా" అన్నది మా అత్త. ఎవరినో పిలిపించి పొట్టమీద వాతలు పెట్టిచ్చింది. నేను అడ్డం పోలే. ఆమెకు చెడు చెయ్యాలని లేదు, నాకు ఎదురు చెప్పే ధైర్యం లేదు. వాతలు పుండ్లయినయి, జరమొచ్చింది, జరంల ఫిట్స్ వచ్చినయి. మా ఇంటాయన బండి కట్టి సూర్యాపేట దవాఖానకు తోలిండు.

డాక్టర్ సాబ్ పెద్ద మనిషి. బిడ్డ కాళ్ళు వంచి సూసిండు, మడిమె మీద తట్టిండు.

"జరం తగ్గుతదమ్మా. కాళ్ళ సంగతి వేరే. పుట్టినప్పుడు బ్రెయిన్‌కు గాలి అందలే. బర్త్ ఇంజురీ అంటం. దీనికి దవా లేదు."

"నడుస్తదా సారూ?"

"ఖుదాకే ఎరుక" అన్నడు.

ఏడాది దాటింది. సోమక్క నిలబడ్డది, నడిచింది, "అత్త" "తాత" అన్నది. నేను ఏదీ నేర్పలే. నేను బియ్యం చెరుగుతుంటే అది ఎప్పుడు నడిచిందో కూడా సూడలే. అంజమ్మ మాత్రం పండవెట్టిన కాడనే ఉండేది. గంజి తాపాలంటే గంట పట్టేది. ఒక పగలు అలిసిపోయి, దాని ముంగటనే, మమ్ముల సూడొచ్చిన మా అక్కతోని అన్న: "దీనికి ఏమీ తెల్వది. పుట్టిన దినమే పోయినా బాగుండు." అంజమ్మ పైకప్పు దిక్కు సూస్తున్నది.

రెండేండ్లు నిండినంక కోదాడ నుంచి ఒక చుట్టం వచ్చి, వాళ్ళ ఊరికి బెజవాడ దిక్కు నుంచి లేడీ డాక్టర్ వచ్చి పేషెంట్లను సూస్తున్నదని చెప్పింది. బస్సెక్కి పోయినం. డాక్టరమ్మ బిడ్డను నా ఒళ్ళో ఆనిచ్చి కూసోవెట్టి, ఎదురుంగ బల్లమీద మూడు వస్తువులు పెట్టింది. దువ్వెన, చెంచా, తాళంచెవి.

"అంజమ్మా, చెంచా ఏదమ్మా?" అన్నది.

"దానికి తెల్వదమ్మా" అన్న నేను.

"మీరు ఆగండి. చేతులు చూడకండి, కళ్ళు చూడండి."

సూసిన. అంజమ్మ మెడ వణుకుతున్నది. కండ్లు మెల్లగ కదిలి చెంచా మీద ఆగినయి. డాక్టరమ్మ వస్తువుల జాగలు మార్చింది. దువ్వెన ఏదన్నది. కండ్లు దువ్వెన మీదికి పోయినయి. మల్ల మార్చింది. తాళంచెవి. ఒక్కటి కూడా తప్పలే.

"ఇది స్పాస్టిక్ అమ్మా. ఒంట్లో బిగువే గానీ తెలివికి లోటు కనబడట్లేదు నాకు. మీరు మాట్లాడేవన్నీ వింటోంది. జవాబు చెప్పడానికి నోరే రావట్లేదు."

రెండేండ్లు నా బిడ్డ గా బిగిసిన ఒంట్ల మెలుకువతోని ఉండి, అన్నీ వింటున్నది. గిన్నెకు గిన్నె అని, నాకు అమ్మ అని పేరని దానికి ఎరుకే. నేనన్న మాట కూడా ఎరుకే. బయటికొచ్చి గోడపక్కన నిలబడి, దాని మొఖం దగ్గరికి తీసుకొని, "తప్పయింది బిడ్డా" అన్న. అది నన్నే సూసింది. కండ్లు పక్కకు తిప్పలే.

డాక్టరమ్మ కసరత్తు చూపించింది: వేడినీళ్ళ తరవాత కాళ్ళు మెల్లగ విడదియ్యాలె, బలవంతం వద్దు, చంకనెత్తుకుంటే కాళ్ళు అటొకటి ఇటొకటి పడ్తయి, అదే సగం మందు. మా అత్త అది ఇన్నంక, వాతలు పెట్టిచ్చిన చేతులతోనే పొద్దుమాపు కాళ్ళు సాపింది. ఒక్క దినం తప్పలే.

ఇంతల రజాకార్ల గడబిడ మొదలయ్యింది. ఊరిడిసి మిర్యాలగూడల మా అన్న ఇంటికి పోయినం. తొవ్వల భయానికి, ఆడికి పోయినంక గూడ ఆ గడబిడకు, కసరత్తు లేదు, ఏమీ లేదు. కొన్ని నెలలల్ల కాళ్ళు మల్ల బిగిసినయి. మొదటికొచ్చింది.

మా అన్న వడ్ల పని, అంటే వడ్రంగం, చేస్తడు. సోమక్క ఆడుకునే మూడు చక్రాల బండి సూసి, అసొంటిదే పెద్దది చేసిండు. దాంట్ల రెండు రాళ్ళు పెట్టిండు. "తేలికైతే బండి ఉరుకుతది, బిడ్డ పడ్తది. బరువుంటే ఇది దానికోసం ఆగుతది" అన్నడు. అంజమ్మ పిడికిళ్ళను బండి పట్టుకునే కర్రమీద నిలిపేటందుకే నెల పట్టింది. నడుము నిలిచేటందుకు ఇంకెన్నో నెలలు. మోకాలు వంగాలె, మడిమె ఆనాలె, బరువు ఈ కాలు నుంచి ఆ కాలికి పోవాలె. ఒక్క అడుగుల ఇంత పని ఉంటదని నాకెవ్వరు చెప్పిన్రు? సోమక్క ఇదంత ఆడుకుంట చేసింది. అప్పటి నుంచి వాడకట్టుల ఏ పసిబిడ్డ నడిచినా నేను నిలబడి సూస్త.

నిజాం సర్కారు పోయి మేము చివ్వెంలకు తిరిగొచ్చిన మరుసటేడు, నాలుగేండ్లు నిండినంక, ఒక పగలు అంజమ్మ బండి వదిలింది. నాలుగు అడుగులు. ఐదోదానికి పడ్డది. మా అత్త చాట ఇసిరేసి ఉరికింది. పడ్డ బిడ్డ నవ్వుతున్నది.

ఇప్పుడు అంజమ్మకు ఇరవై దాటినయి. కాలు ఈడుస్తది. చేతులు వణుకుతయి, సూదిల దారం ఎక్కించలేదు. మాట నిదానం. కానీ సోమక్క పిల్లలకు, వాడకట్టు పిల్లలకు కతలు చెప్తది. ఒక మాట వెనుక ఇంకో మాట వచ్చేదాక గా పిల్లలు నోరు తెరుచుకొని ఆగుతరు. పెద్దలకు లేని ఓపిక వాళ్ళకెట్ల వచ్చిందో!

మీ ఇంట్ల మాట రాని బిడ్డ ఉంటే ఒక్కటే చెప్త. ఏదన్న అడిగినంక ఆగుండ్రి, పది లెక్కవెట్టుండ్రి. మీరే జవాబు చెప్పి కండ్లు తిప్పుకోకుండ్రి.