బూస్టరు నాంచారయ్య ఆడిన రెండు సెట్లు

1961 చివర్లో నేను గుడివాడలో ఒక ధాన్యం మిల్లులో పనిచేస్తున్నాను. మిల్లు పేరు అనవసరం. జీతాల పుస్తకంలో నా ఉద్యోగం టైమ్ కీపరు, అంటే కూలీల రాకపోకలు చూసేవాణ్ణి. అసలు పని వేరు. మా ప్రొప్రయిటరు గారికి వాలీబాల్ పిచ్చి. చుట్టుపక్కల ఎక్కడ టోర్నమెంటు జరిగినా కప్పు మిల్లు ఆఫీసు బీరువాలోకి రావాలి. రాకపోతే ఆయన రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడేవారు కారు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా ఉన్న నన్ను జీతం పెంచి తెచ్చుకున్నది అందుకే. కాలేజీ కుర్రాళ్ళ ఆట చూసి, పనికొచ్చేవాణ్ణి ఏరి, మిల్లులో గుమాస్తా ఉద్యోగం ఇప్పించి టీములోకి తేవాలి. డిగ్రీ చేతికొచ్చినా ఉద్యోగం దొరక్క తిరిగే కుర్రాళ్ళు బోలెడంతమంది ఉన్న రోజులవి. నేను గ్రౌండుకి వస్తున్నానంటే ఇస్త్రీ నిక్కర్లు బయటికొచ్చేవి. నాకూ కాస్త తలపొగరు ఉండేది, దాచడమెందుకు.

ఆ ఏడాది మా బూస్టరు రైల్వేలో చేరిపోయాడు. వాలీబాల్ తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. వల మీదినుంచి బంతిని అవతలి కోర్టులోకి బాదేవాణ్ణి స్మాషరు అంటారు. జనం చప్పట్లు కొట్టేది అతనికే. అతను బాదడానికి వీలుగా వల పక్కన బంతిని వేళ్ళతో పైకి ఎత్తి పెట్టేవాడు బూస్టరు. ఎవరికి ఎత్తాలి, ఎంత ఎత్తు ఎత్తాలి అన్నది రెప్పపాటులో తేల్చుకోవలసింది అతనే. స్మాషర్లు ఊరికి నలుగురు దొరుకుతారు. మంచి బూస్టరు జిల్లాకి ఒకడు దొరికితే మన అదృష్టం.

బూస్టరుని చూడటానికి వెళ్ళినవాడు బంతిని చూడకూడదు. చూశాడా, అందరిలాగే స్మాషరుకి చప్పట్లు కొట్టి ఇంటికొస్తాడు. నేను వలకి సూటిగా, పక్కన కూర్చునేవాణ్ణి. బూస్టరు కళ్ళు ఎటు పోతున్నాయి, వేళ్ళు బంతిని ఎలా పట్టీ పట్టనట్టు వదులుతున్నాయి, అదే చూసేవాణ్ణి. తోటివాడు చెడ్డ పాసు ఇచ్చినప్పుడు మొహం ఎలా పెడుతున్నాడో కూడా చూసేవాణ్ణి. పక్కవాణ్ణి విసుక్కునేవాడు ఎంత మొనగాడైనా నాకు వద్దు.

బందరులో ఒక కాలేజీ ఫిజికల్ డైరెక్టరు గారు, అంటే ఆటల మాస్టారు, నాకు కబురు పెట్టారు. బి.ఏ. ఆఖరి సంవత్సరం చదువుతున్న నాంచారయ్య అనే కుర్రాడు ఉన్నాడు, ఒకసారి వచ్చి చూడండి అని. దివిసీమ కుర్రాడు, అవనిగడ్డ అవతల ఏదో పల్లెటూరు. రైలెక్కి వెళ్ళాను. మనిషి సన్నగా, నల్లగా, మోకాళ్ళ దాకా చేతులతో ఉన్నాడు. ఎంత చెత్త పాసు వచ్చినా అతని చేతిలోంచి లేచిన బంతి మాత్రం మల్లెపూవులా నిలబడేది. ఇన్నాళ్ళకి దొరికాడురా అనుకున్నాను.

కాసేపటికి ఒక తిరకాసు కనపడింది. బంతి ఎప్పుడూ ఒక్కడికే వెళ్తోంది. ఎడమ వైపున రామ్మోహన్ అనే స్మాషరు ఉన్నాడు. దిట్టమైన కుర్రాడు, బాగానే బాదుతాడు. కాని అవతలివాళ్ళు కళ్ళులేనివాళ్ళు కాదు కదా, ఇద్దరేసి వెళ్ళి అతని ఎదుట చేతులెత్తి నిలబడుతున్నారు. ఇలా అడ్డుకోవడాన్నే బ్లాకు అంటారు. కుడివైపు స్మాషరు ఎదుట ఎవరూ లేరు. అయినా బంతి రామ్మోహన్ కే. ఇంత గుడ్డివాడేమిటి అని విసుగొచ్చింది. మర్నాడు ఉండిపోయి మళ్ళీ చూశాను. అప్పుడు అర్థమైంది. బంతి వస్తుండగా నాంచారయ్య కళ్ళు ముందు ఖాళీగా ఉన్న వైపుకే పోతున్నాయి. తరవాత చేతులు రామ్మోహన్ వైపు తిరుగుతున్నాయి.

"కళ్ళు ఒక చోట, చేతులు ఒక చోట. ఏం జబ్బండీ ఇది?" అని డైరెక్టరు గారిని అడిగాను.

"జబ్బు కాదు మాస్టారూ, భోజనం," అన్నారాయన.

రామ్మోహన్ తండ్రి బసవయ్య గారు దివిసీమలో పెద్ద రైతు. నాంచారయ్య తండ్రి ఆయన పొలమే కౌలుకి చేస్తున్నాడు. కొడుకు చదువుకని బసవయ్య గారు బందరులో గదులు తీసుకుని వంటమనిషిని పెట్టారు. కుర్రాడు తెలివైనవాడు, మావాడికి పాఠాలు చెబుతాడని నాంచారయ్యని కూడా ఆ గదుల్లోనే ఉంచి, ఫీజులు కడుతూ చదివిస్తున్నారు. బంతి ఎవరికి ఎత్తాలో ఆయన ఎన్నడూ చెప్పలేదట. చెప్పవలసిన అవసరం ఉంటే కదా. నేనూ కౌలు రైతు కొడుకునే. ఈ సంగతి నాకు ఇంకొకరు విప్పి చెప్పవలసి వచ్చినందుకే సిగ్గుపడాలి. అప్పుడు పడలేదు. బూస్టరు దొరికాడన్న సంబరంలో ఉన్నాను.

ఆ వారంలోనే కాలేజీల మధ్య పోటీలు పెట్టారు. మా ప్రొప్రయిటరు గారిని కారులో తీసుకొచ్చి ముందు వరస కుర్చీలో కూర్చోబెట్టాను. కొడుకు ఆట చూడటానికి బసవయ్య గారూ వచ్చారు. ఆయన ధాన్యం మా మిల్లుకే వస్తుంది కనక ఇద్దరూ పక్కపక్కన కూర్చుని కబుర్లలో పడ్డారు. మొదటి సెట్టు నాంచారయ్య టీము ఓడిపోయింది. ప్రతి బంతీ రామ్మోహన్ కి వెళ్ళడం, బ్లాకుకి తగిలి ఇవతలే పడటం. "ఈ కుర్రాడికోసమా నన్ను తీసుకొచ్చింది?" అన్నట్టు ప్రొప్రయిటరు గారు నావైపు చూశారు. నా పరువు పోతోందనిపించింది. సెట్ల మధ్య విరామంలో నాంచారయ్యని పక్కకి పిలిచాను.

"కుడివైపు ఖాళీ కనపడలేదా నీకు?"

"కనపడిందండి."

"మరి?"

తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ కుర్చీల వైపు చూశాడు. "రామ్మోహన్ బాబుకి ఇవ్వడం అలవాటైపోయిందండి."

"మా ప్రొప్రయిటరు వచ్చింది నిన్ను చూడటానికి. గుమాస్తా ఉద్యోగం. పరీక్షలవగానే చేరిపోవచ్చు. ఇలా ఆడితే ఎవరిస్తారయ్యా? నీ ఆట నువ్వు ఆడు."

"బసవయ్య గారు చూస్తున్నారండి."

"చూడనీ. ఆ సంగతి నేను చూసుకుంటాను."

"నిజంగా ఇస్తారాండీ ఉద్యోగం?"

"నేను చెబుతున్నాను కదా," అన్నాను.

ఏం చూసుకుంటానో, ఉద్యోగం ఇచ్చే అధికారం నాకెక్కడుందో, ఆ క్షణంలో నాకే తెలియదు. ట్రయల్ లో ఆటగాణ్ణి ఉసిగొల్పడం మా పనిలో మామూలే. గుర్రాన్ని అదిలించినట్టు అదిలిస్తాం. అది పరిగెడితే మన అంచనా నెగ్గినట్టు.

నాంచారయ్య పరిగెత్తాడు. మిగిలిన రెండు సెట్లలో అతను ఆడినలాంటి ఆట నేను మళ్ళీ చూడలేదు. కుడివైపు చూస్తూ ఎడమకి ఎత్తాడు, వెనక్కి వంగి వీపు వెనకనుంచి ఎత్తాడు, ఒకసారి అందరూ గాల్లోకి లేచాక బంతిని నెమ్మదిగా వల మీదినుంచి తనే అవతలికి జారవిడిచాడు. అవతల బ్లాకు వేసేవాళ్ళు ఎటు పరిగెత్తాలో తెలియక ఒకళ్ళనొకళ్ళు గుద్దుకున్నారు. రామ్మోహన్ కి బంతులు తక్కువే వచ్చాయి. వచ్చినవాటిని ఖాళీలో హాయిగా బాదుకున్నాడు. నాంచారయ్య నవ్వుతున్నాడు. పాయింటు వచ్చినా నవ్వే, పోయినా నవ్వే. గెలిచాక రామ్మోహన్ అతని భుజం మీద చెయ్యేసి, "ఒరేయ్ నాంచారూ, ఇన్నాళ్ళూ ఈ ఆట ఎక్కడ దాచావురా?" అన్నాడు. అందులో ఏ ఎత్తిపొడుపూ లేదు. ఆ కుర్రాడు మంచివాడే. కాని ఆ మాట ముందు వరస దాకా వినపడింది. బసవయ్య గారు కండువా దులుపుకుని లేచి, మాతో ఒక మాటైనా అనకుండా వెళ్ళిపోయారు.

తిరుగుదారిలో కారులో నేను ఒకటే వాగుడు. "చూశారా అండీ ఆ వేళ్ళు? ఆడుతున్నప్పుడు ఆ మొహం చూశారా? ఆ సంతోషం ఉన్నవాడు పదేళ్ళు ఆడతాడు."

ప్రొప్రయిటరు గారు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. చివరికి, "ఆట బాగుందయ్యా. కాని బసవయ్య గారి మనసు కష్టపెట్టి ఆ కుర్రాణ్ణి తెచ్చుకోవడం మనకి అవసరమా? ఇంకొకణ్ణి చూడు," అన్నారు.

"నేను మాటిచ్చానండీ."

"ఎవరిమ్మన్నారు?"

రాజీనామా చేస్తాననవచ్చు. ముగ్గురు పిల్లలు, అద్దె ఇల్లు గుర్తొచ్చాయి. ఎవరి భోజనం వాళ్ళకి గుర్తొస్తుంది మరి. నాంచారయ్యకి ఈ సంగతి చెప్పడానికి మొహం చెల్లక, వచ్చే వారం వెళ్దాం, ఆ పై వారం వెళ్దాం అని వాయిదా వేస్తూ ఊరుకున్నాను.

నేను వెళ్ళకముందే అతని తండ్రి మా ఇంటికొచ్చాడు. తెల్లవారగానే బయల్దేరాడట. తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకుని, తేగల కట్ట ఒకటి గుమ్మంలో పెట్టి నిలబడ్డాడు. పంచాయితీకి వచ్చాడేమో, ఉద్యోగం ఏదని అడుగుతాడేమో అనుకున్నాను. అతను ఉద్యోగం ఊసే ఎత్తలేదు. బసవయ్య గారు నాంచారయ్యని గదుల్లోంచి పంపించేశారట. ఫీజు కూడా ఇక కట్టరట. మూడు నెలల్లో పరీక్షలు.

"మావాడు తనంతట తాను అలా ఆడలేదండి. తమరు ఆడమన్నారంట గదండీ. ఆ ఒక్క ముక్కా తమరొచ్చి ఆయనతో చెబితే చాలండి. కుర్రాడికి పొగరెక్కిందనుకుంటున్నారండి ఆయన."

మర్నాడు సెలవు పెట్టి అతనితో బస్సెక్కాను. బసవయ్య గారు వాకిట్లోకి ఎదురొచ్చి, కుర్చీ వేయించి, కాఫీ తెప్పించారు. నాంచారయ్య తండ్రి మెట్ల కింద నిలబడిపోయాడు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. కుర్రాడు వద్దన్నాడని, ఉద్యోగం ఆశ చూపించి నేనే ఆడించానని, తప్పంతా నాదని చెప్పాను.

ఆయన ఓపికగా విన్నారు. "మీరు చెప్పారని నాకు తెలుసండీ. వాణ్ణి పక్కకి పిలవడం చూశాను. పెద్దమనిషి చెబితే కాదనలేడు, ఆడొచ్చు. కాని అంత సంతోషంగా ఆడక్కర్లేదు కదండీ."

ఆయన కాఫీ గ్లాసు నా దగ్గరికి జరిపారు.

"మూడేళ్ళు మా కంచంలో తిన్నాడు. మావాడికి బంతి పెట్టినప్పుడు ఒక్కనాడైనా ఆ మొహం చూశానా? చూళ్ళేదు. అంటే ఇన్నాళ్ళూ మా దగ్గర ఎలా ఉన్నాడన్నమాట? కాఫీ చల్లారుతోంది, తాగండి."

కారులో నేను గొప్పగా చెప్పిన మొహమే అది. అదే మొహం ఈయనా చూశారు. తాగకుండా లేచి వచ్చేయవచ్చు. లేవలేదు, కాఫీ తాగాను. తిరిగి వస్తుంటే నాంచారయ్య తండ్రి, "తమరు వచ్చి చెప్పారు గదండీ, అదే పదివేలండి," అన్నాడు. అతను నన్ను తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

నేను ఊరికి పోకుండా బందరు వెళ్ళాను. డైరెక్టరు గారి దయవల్ల నాంచారయ్య కాలేజీలో వలలూ బంతులూ పెట్టే గదిలో పడుకుంటున్నాడు. కిరసనాయిలు స్టవ్వు మీద అన్నం వార్చుకుంటున్నాడు. ఉద్యోగం లేదని అప్పుడు చెప్పాను. "తెలుసండి," అన్నాడు. ఫీజు నేను కడతానన్నాను. డైరెక్టరు గారు ఏర్పాటు చేశారని చెప్పాడు. పరీక్షలయ్యేదాకా మా ఇంట్లో ఉండు, భోజనం చేసి రోజూ రైల్లో వచ్చిపోవచ్చు, మా ఆవిడ ఏమీ అనుకోదని బతిమాలాను.

అతను గంజి వార్చిన గిన్నె కిందపెట్టి చేతులు తుడుచుకున్నాడు.

"వద్దండి మాస్టారూ. మీ ఇంట్లో తింటే మీరు చెప్పినట్టు ఆడాలి గదండీ. ఒకసారి ఆడానండి."

కోపంగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పి, నన్ను బస్సు దాకా సాగనంపాడు. ఆ దారి పొడుగునా నేను తలెత్తి అతని మొహం చూడలేకపోయాను. పరీక్ష పాసయ్యాడని, ఏలూరు వైపు ఎక్కడో స్కూల్లో టీచరుగా చేరాడని తరవాత విన్నాను. వాలీబాల్ మాత్రం మళ్ళీ ముట్టుకోలేదట.

ఆ తరవాత కూడా చాలా ఏళ్ళు ఆటగాళ్ళని ఏరే పనిలోనే ఉన్నాను. అయితే మొదట కళ్ళూ వేళ్ళూ చూడటం మానేశాను. ఈ కుర్రాడు ఎవరి అన్నం తింటున్నాడో ముందు కనుక్కునేవాణ్ణి. ఆ అన్నం పోతే బదులు పెట్టే తాహతు నాకుందా అని చూసుకునేవాణ్ణి. ఉద్యోగం ఖాయమైన కాగితం జేబులో ఉంటేనే నీ ఆట చూపించమని అడిగేవాణ్ణి. లేనప్పుడు అతను తనకి అన్నం పెట్టేవాడికే బంతి ఎత్తుతుంటే, అందరితోపాటు ఆ స్మాషరుకే చప్పట్లు కొట్టి ఇంటికొచ్చేసేవాణ్ణి.