బోనాల ఆదివారం బిడ్డ కోసం: చందానగర్ నుంచి హైటెక్ సిటీ దాకా

విడాకులయ్యాక తల్లి దగ్గర పెరుగుతున్న బిడ్డను పండుగకు తెచ్చుకోవాలని బయలుదేరే తండ్రుల కోసం ఇది రాస్తున్నాను. నేను ఏడో తరగతితో బడి మానేసిన తాపీ మేస్త్రీని, తప్పులుంటే సర్దుకోండి. హైటెక్ సిటీలో గుండ్రటి అద్దాల భవనం కొత్తగా తెరిచిన రోజుల నాటి ప్రయాణం ఇది. ఇన్నేళ్లయినా ఆ రోజు తలపుకొస్తే నా గుండె పొంగిపోతుంది, ఏం చెయ్యను!

ఆ ఏడు చలికాలంలో మా అమ్మ దవాఖానలో పడి లేచింది. మళ్లీ బోనం ఎత్తగలిగితే, మనవరాలు మౌనిక చిన్న బోనంతో తన ముందు నడుస్తుందని అమ్మవారికి మొక్కుకుంది. మౌనికకు అప్పుడు ఆరేళ్లు. కోర్టు కస్టడీ తల్లి అనసూయకు ఇచ్చింది. నెలలో రెండో ఆదివారం, నాలుగో ఆదివారం నావి. మా గోపన్‌పల్లి పెద్దలేమో బోనాలు మూడో ఆదివారం పెట్టారు. వకీలు సాబును అడిగితే, "కస్టడీ అంటే బిడ్డ ఎవరి దగ్గర పెరగాలన్నది. నీ ఆదివారాలు నువ్వు బిడ్డను కలుసుకునే హక్కు. రోజు మార్చుకోవాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. ఒప్పుకోకుండా తీసుకుపోయావో, ఉన్న ఆదివారాలకే ఎసరొస్తుంది" అన్నాడు. ఇద్దరూ అంటే ఈ వైపు నేను, ఆ వైపు అనసూయ అన్న మల్లేశ్ అనుకున్నాను. మా దిక్కున పెళ్లి మాటలైనా, పంచాయితీ అయినా మగవాళ్ల మధ్యనే నడుస్తాయి. చందానగర్ మార్కెట్లో మల్లేశ్‌ను కలిసి అడిగాను. సరేనన్నాడు. ఇగ పని అయిపోయిందనుకున్నాను.

పండుగనాడు పొద్దున్నే గోపన్‌పల్లిలో బస్సెక్కి లింగంపల్లిలో దిగాను. అక్కడి నుంచి చందానగర్‌కు ఆటోలో రెండు రూపాయలు. తొమ్మిది దాటేసరికి, అనసూయ బిడ్డతో ఉంటున్న మల్లేశ్ ఇంటి ముందున్నాను. మౌనిక ఆకుపచ్చ లంగా జాకెట్ వేసుకుని గడపలో కూర్చుంది. నన్ను చూడగానే ఉరికొచ్చి కాళ్లకు చుట్టుకుంది. ఆ సంతోషం ఏమని చెప్పను!

"తీస్కపో బావా, ఊరేగింపు యాళ్లకు పోవాలె గద," అన్నాడు మల్లేశ్.

చెయ్యి పట్టుకుని వాకిలి దాటుతుంటే మౌనిక ఆగింది. "నాయినా, అమ్మకు తెల్వదు గద. డ్యూటీ నుంచి వచ్చి ఎతుకుతది."

నేను మల్లేశ్ వైపు తిరిగాను. "అనసూయకు చెప్పలేదా?"

"పొద్దుగాలనే హైటెక్ సిటీకి పోయింది. వచ్చినంక నేను చెప్పుకుంట."

నా చేతిలోని చిన్న చెయ్యి ఒక్కసారిగా బరువెక్కింది. వకీలు ఇద్దరూ అన్నది ఎవరినో అప్పుడు అర్థమైంది. తీసుకుపోతే అమ్మ మొక్కు తీరుతుంది. కానీ బిడ్డ ఇంట్లో లేదని చూసి అనసూయ కోర్టుకెక్కితే నాకు బిడ్డ ముఖమే కరువవుతుంది.

"నేను పోయి అనసూయనే అడిగొస్తా," అన్నాను.

"గింత దానికి ఆడదాన్ని అడుగుతవా? నా మాటకు ఇజ్జత్ లేదా?" అని మల్లేశ్ మొహం ముడుచుకున్నాడు. మౌనిక ఏడుపందుకుంది. ఆ ఏడుపు మలుపు దాకా నా వెనకాలే వచ్చింది.

చందానగర్ నుంచి హైటెక్ సిటీకి ఆ రోజుల్లో నేరుగా బస్సు దొరకడం కష్టం. హఫీజ్‌పేట్, కొండాపూర్, కొత్తగూడ మీదుగా ఆటోనే దిక్కు. డ్రైవర్ జహంగీర్ భాయ్ ముప్పై అడిగి ఇరవై అయిదుకు దిగాడు. దారికి రెండు వైపులా గుట్టలంత బండలు, వాటిని పగలగొట్టిన కంకర కుప్పలు.

"గంత పరేషాన్ ఏంది మేస్త్రీ? ఎవరన్న దవాఖానల ఉన్నరా?"

"నా బిడ్డను నేను తీస్కపోతానని అడగనీకి పోతున్న భాయ్."

అతను ఎదురొచ్చిన కంకర లారీకి దారిచ్చాడు. తర్వాత, "ఒక్కటి చెప్త, ఏమనుకోకు. హక్కున్నోని లెక్క అడగకు, అక్కరున్నోని లెక్క అడుగు," అని గేరు మార్చాడు.

అనసూయ ఊడ్చి తుడిచే పని చేసే ఆ అద్దాల భవనం గేటు దగ్గర సెక్యూరిటీ తమ్ముడు పాలమూరోడు. "హౌస్ కీపింగోళ్లు అన్నం టైముకే బయటికొస్తరు అన్నా. అప్పటిదాక ఆ చెట్టు కింద కూసో," అన్నాడు. గంటన్నర కూర్చున్నాను. అద్దాల్లో మబ్బులు కదులుతుంటే, అక్కడ అమ్మ బోనం కుండకు సున్నం పూసి పసుపు కుంకుమ పెడుతూ ఉంటుందని తలుచుకున్నాను.

అనసూయ నీలం కోటుతో బయటికొచ్చి నన్ను చూడగానే తెల్లబోయింది. "మౌనికకేమైంది?"

"ఏం కాలే. మంచిగున్నది," అని సంగతంతా చెప్పాను.

ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. "మా అన్ననడిగినవా? మా అన్న కన్నడా దాన్ని?"

ఆమె నన్ను గేటు పక్కకు రమ్మని సైగ చేసింది.

"మొగోళ్లిద్దరు మార్కెట్ల నిలవడి నా బిడ్డ సంగతి మాట్లాడుకుంటరా? తీస్కపోయినంక మీ అమ్మ పంపియ్యనంటే నేనేం చెయ్యాలె?"

జహంగీర్ భాయ్ మాట గుర్తు చేసుకుని నోరు తెరిచాను. "నిన్నే అడగాల్సింది. అందుకే బిడ్డను అక్కడనే ఇడిసిపెట్టి వచ్చిన. మా అమ్మ మొక్కు తీర్చాలె అనసూయా. దీపాలు పెట్టే యాళ్లకు నేనే తెచ్చి ఇస్త. వచ్చే ఆదివారం నాది గద, అది నువ్వే ఉంచుకో."

"ఇడిసిపెట్టి వచ్చినవా?" అని ఆమె నన్నోసారి ఎగాదిగా చూసింది. "ఏడ్చిందా?"

"ఏడ్చింది."

ఆమె రోడ్డు దాటి ఎస్టీడీ బూత్‌లోకి పోయింది. మల్లేశ్ ఇంటి పక్క కిరాణా కొట్టుకు ఫోన్ చేస్తే మొదటిసారి ఎంగేజ్. రెండోసారీ ఎంగేజ్. మూడోసారి కలిసింది. మల్లేశ్ వచ్చేదాకా రిసీవర్ చెవికి ఆనించుకునే నిలబడి, చివరికి ఒక్కటే మాటంది: "అన్నా, నేను పంపుతున్న."

జహంగీర్ భాయ్ తిరుగు బేరం కోసం ఇంకా అక్కడే ఉంటే, ఆటోలోకి ఎగిరి కూర్చున్నాను! చందానగర్‌లో మౌనికను ఎత్తుకుని గోపన్‌పల్లి చేరేసరికి డప్పులు మా వీధి చివరి దాకా వచ్చేశాయి. అమ్మ బోనం నెత్తిన పెట్టుకుని కదలకుండా నిలబడి ఉంది. వెనకాల వాళ్లు తిడుతున్నా అడుగు వెయ్యలేదట, నా తల్లి! మౌనిక నెత్తిన చిన్న బోనం పెట్టి ముందు నిలబెట్టగానే అమ్మ నడిచింది. నేను వీధిలో అందరూ చూస్తుండగా ఏడ్చాను.

సాయంత్రం వానొచ్చింది. ఆటోలు లేవు. బిడ్డను కండువాలో చుట్టి ఇసుక ట్రాక్టర్ మీద లింగంపల్లి దాకా, అక్కడి నుంచి బురదలో నడిచి చందానగర్ చేరాం. అప్పటికే ఇళ్లలో దీపాలు వెలిగాయి. అనసూయ గొడుగు పట్టుకుని వీధి మలుపులోనే నిలబడి ఉంది. నా భుజం మీద నిద్రపోతున్న బిడ్డను తన భుజం మీదికి మార్చుకుని, నుదుటి పసుపు చెరిగిపోకుండా కొంగుతో తడి అద్దింది. రెండడుగులు వేసి ఆగింది.

"వచ్చే ఆదివారం కూడ రా. దానికి చెప్పి పెడత," అంది.

ఆ వానలో నేను ఇంటికి ఎట్లా చేరానో ఇప్పటికీ గుర్తులేదు. కోర్టు నాకు రెండు ఆదివారాలిచ్చింది, అది చట్టం. ఆ తర్వాత మౌనిక పుట్టినరోజులు, బడి పండుగలు, దసరా సెలవులు, ఎన్నో నాకు దక్కాయి. అవి ఏ కాగితంలోనూ లేవు, అనసూయ ఇచ్చినవి. కస్టడీ తల్లిదైతే తండ్రి ఓడిపోయినట్టు కాదని నాకు హైటెక్ సిటీ రోడ్డు మీద తెలిసింది.

ఇలాంటి ప్రయాణం పెట్టుకున్న తండ్రులకు ఒక్క సలహా: రోజు మార్చుకోవాలంటే కనీసం వారం ముందే బిడ్డ తల్లినే నేరుగా అడగండి. ఆమె ఒప్పుకుంటే ఆ మాట ఇద్దరి సంతకాలతో వకీలు దగ్గర రాసి పెట్టించుకోండి.