లీకు మందూ, మా నాయనా, నా ఇంటర్వ్యూ

నేను ఎమ్మెస్సీ ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్న ఆ రోజుల్లో, లోకంలోని ప్రతి రోగానికీ ఏదో ఒక సీసాలో మందు ఉంటుందని మా నాయన గట్టిగా నమ్మేవాడు. శనక్కాయ పంటకు తెగులొస్తే సీసా, గొడ్డుకు జబ్బు చేస్తే సీసా, తనకు నడుం పట్టేస్తే సీసా. (మా అమ్మ కోపానికి మాత్రం ఏ అంగట్లోనూ మందు దొరకలేదు. ఆ కోపమే నాకు వచ్చింది.) అందుకే, ఊళ్లో గౌరవం కోసం కొన్న పాత కారు రేడియేటర్ కారడం మొదలుపెట్టినప్పుడు ఆయన మెకానిక్ దగ్గరికి వెళ్లలేదు. అనంతపురంలో స్పేర్ పార్టుల అంగడికి వెళ్లి, లీకులు మూసే మందు సీసాలు రెండు తెచ్చుకున్నాడు.

మడకశిరలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్ పోస్టుకు నాకు ఇంటర్వ్యూ. బస్సులో వెళ్తానంటే వినలేదు. "కారు పెట్టుకుని బిడ్డను బస్సుకు పంపిస్తే నలుగురూ ఏమనుకుంటారు?" అంటూ బానెట్ ఎత్తి ఒక సీసా మొత్తం గుమ్మరించాడు. రెండోదాని మూత తీస్తుంటే నాకు ఒళ్లు మండింది.

"నాయనా, చిన్న చిల్లికి సగం సీసా చాలని దాని మీద రాసిండారు."

"సగం పోస్తే సగం లీకే మూసుకుంటాది. నీకు తెల్దు, ఉండు," అని రెండోదీ పోశాడు. అంతటితో ఆగినా బాగుండేది. ఎవరో లారీ డ్రైవరు చెప్పాడట, వంటింట్లోంచి పసుపు డబ్బా తెచ్చి అదీ కలిపాడు.

పెనుకొండ దాటి ఎత్తు ఎక్కుతుండగా వేడి చూపించే ముల్లు ఎర్రగీత మీదికి పోయింది. ఆవిరి కమ్మేసి కారు ఆగింది. నాయన దిగి, వంగి కారు కిందికి చూసి, "సూడు పాపా, లీకు నిలబడింది!" అన్నాడు సంతోషంగా.

"కారు గూడా నిలబడింది నాయనా!" అని అరిచాను. మందు చిల్లితో పాటు రేడియేటర్‌లోని సన్నటి గొట్టాలన్నీ మూసేసింది. లోపల నీళ్లు తిరగడమే లేదు. మూత తీయొద్దని నేను మొత్తుకుంటున్నా టవలు చుట్టి కొంచెం తిప్పాడు. పసుప్పచ్చటి వేడినీళ్లు బుస్సున ఎగిశాయి. ఆయన వెనక్కి దూకాడు గనక సరిపోయింది. ఆయన తెల్లచొక్కా, నా చీర పసుపుమయం. "నీకేమన్నా అయ్యింటే అమ్మకు నేనేం చెప్పల్ల?" అని నడిరోడ్డు మీద ఏడుస్తూ తిట్టాను.

పక్కనున్న బీడు నేలలో గొర్రెలు మేపుతున్న ఒక ముసలామె దగ్గర నీళ్ల క్యాను ఉంది. "బండికి రవ్వన్ని నీళ్లియ్యవ్వా," అన్నాడు నాయన.

"మనుషులు తాగేకే ఈడ నీళ్లు లేవు, నీ కారుకు పోయల్లా? ఏమప్పా, కారు కొనేకి తెలివుండాది, నీళ్లు తెచ్చుకునేకి లేదా?" అని కడిగేసి, నాకు మాత్రం ఒక గ్లాసు నిండా పోసింది. (నేను తాగుతున్నంతసేపూ నాయన ఆ గ్లాసు వైపు కారు తరఫున ఆశగా చూశాడు.)

ఇంతలో గొర్రెల వ్యాన్ ఒకటి వచ్చింది. "మడకశిరకే పోతాండా, ఎక్కమ్మా," అన్నాడు డ్రైవరు. నాయనను కారు దగ్గరే వదిలేసి ఎక్కాను.

కాలేజీకి చేరేసరికి మిగతా వాళ్ల ఇంటర్వ్యూలు అయిపోయాయి. ప్రిన్సిపాల్ నన్ను ఎగాదిగా చూసి, "సరే, ఏదో ఒక పాఠం చెప్పండి," అన్నారు. బోర్డు మీద రేడియేటర్ బొమ్మ గీశాను. నీళ్లు వేడిని ఎలా మోసుకుపోతాయో, బిగుతుగా ఉన్న మూత కింద నూరు డిగ్రీలు దాటినా ఎందుకు మరగవో, మూత తీస్తే ఒక్కసారిగా ఎందుకు ఎగదన్నుతాయో, నాయనను తిట్టిన గొంతుతోనే చెప్పాను. "అర్థమైందా నాయనా?" అని గద్దిస్తే పెద్దవాళ్లందరూ తలలూపారు. ప్రిన్సిపాల్ మెల్లగా, "మీ నాన్నగారు ఇప్పుడు ఎక్కడున్నారమ్మా?" అని అడిగారు.

ఉద్యోగం వచ్చింది. సాయంత్రం ట్రాక్టర్ వెనక కట్టిన కారులో, స్టీరింగ్ పట్టుకుని ఊరేగింపుగా కాలేజీ గేటు దాకా వచ్చాడు నాయన. "రేడియేటర్ మార్చల్లంట. అయినా లీకు మాత్రం పడ్లేదు పాపా," అన్నాడు.

ఆ పాఠం ఇప్పటికీ ఏటా చెబుతున్నాను, ఎంతో నెమ్మదిగా, పద్ధతిగా. పిల్లలు ఆవులిస్తుంటారు. పసుపు మరకల చీరతో, గొర్రెల వాసనతో, చాక్‌పీసు విరిగేలా గీతలు గీసిన ఆ కోపిష్టి పిల్ల ఒక్కరోజు వచ్చి నా క్లాసు తీసుకుంటే బాగుండుననిపిస్తుంది.