చుండ్రుకు జడ కొయ్యనన్న అనసూర్య

శ్రీరాంపూర్‌లో గని కార్మికుల కాలనీకి వెళ్ళే రోడ్డు పక్కన ఒక రేకుల డబ్బా ఉంది. లోపల రెండు కుర్చీలు, గోడంత అద్దం. ఆ కటింగ్ షాపు అనసూర్యది. ఆమెకు నలభై నాలుగేళ్ళు. మగవాళ్ళకు గడ్డం గీసి, జుట్టు కత్తిరించే ఆడమనిషి ఆ చుట్టుపక్కల ఇంకెవరూ లేరు.

పదకొండేళ్ళ కిందటి వరకూ ఆ షాపు నడిపింది ఆమె భర్త నాగరాజు. ఒకనాటి పొద్దున ఎవరికో గడ్డం గీస్తుండగానే అతని కుడిచెయ్యి పడిపోయింది. ప్రాణం దక్కింది గానీ చేతికి మళ్ళీ పట్టు రాలేదు. నెల రోజులు డబ్బాకు తాళం. ఆ తర్వాత ఒకరోజు అనసూర్య తాళం తీసి, కుర్చీలు తుడిచి, కత్తి పట్టుకుని నిలబడింది. పని ఆమెకు కొత్త కాదు. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని చూస్తూ చూస్తూ నేర్చుకున్నదే.

మొదట వచ్చింది గిరాకీ కాదు. కులసంఘం పెద్ద రాజయ్య వచ్చాడు.

“ఆడిదానివి, మగోళ్ళ చెంపలు పట్టుకునుడు ఏం పద్ధతి బిడ్డా? మా ఇజ్జత్ ఏం గావాలె?”

“మీ ఇజ్జత్‌తోని మా ఇంట్ల పొయ్యి అంటుకుంటదా మామా? అంటుకుంటదంటే చెప్పు, గిప్పుడే తాళమేస్త.”

రాజయ్య విసురుగా వెళ్ళిపోయాడు. వారం రోజులు ఆ డబ్బా గడప ఎవరూ తొక్కలేదు. ఎనిమిదో రోజు రాయమల్లు అనే ముసలి కార్మికుడు ఫస్టు షిఫ్టు దిగి, చెవుల్లో బొగ్గు నుసితోనే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

“నీ మొగడు గీసినట్టే గియ్యాలె మరి,” అన్నాడు.

“మా ఆయనకంటె మంచిగ గీస్త. కదలకు.”

కత్తి గొంతు మీదుండగానే రాయమల్లు కునుకు తీశాడు. ఆ సంగతి రోడ్డు మీద వెళ్తున్న నలుగురు చూశారు. మరునాటి నుంచి షాపులో మనుషులు కనబడ్డారు.

రోజంతా నెత్తులు చూసే పని గనక అనసూర్యకు చుండ్రు సంగతి తొందరగానే తెలిసింది. గనిలో పనిచేసేవాళ్ళకు తలమీద టోపీ, టోపీ కింద చెమట. దువ్వెన పెడితే నల్లగుడ్డ మీద తెల్లపొట్టు రాలేది. తీరా ఒక చలికాలం ఆమె నెత్తిలోనే చుండ్రు పడింది. కుర్చీలో కూర్చున్న ఒక కుర్రవాడు అద్దంలో ఆమె భుజం చూసి నవ్వాడు. “అక్కా, ముందు నీ నెత్తి సంగతి చూసుకో,” అన్నాడు.

అనసూర్య ఆ మాటను ఊరికే వదల్లేదు. నిమ్మకాయ కోసి నెత్తికి రుద్దింది. గోకిన చోటల్లా మండి, చర్మం ఎర్రబడింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొబ్బరినూనె పెట్టింది. పొట్టు నూనెలో తడిసి కనబడకుండా పోయేది, రెండోనాటికి రెండింతలయ్యేది. ఆ ఏడే పాత మొక్కు తీర్చుకోవడానికి వేములవాడ వెళ్ళి రాజన్నకు తలనీలాలు ఇచ్చింది. మొక్కు తీరింది. చుండ్రు మాత్రం తీరలేదు. వెంట్రుక గోరంత మొలవకముందే గుండు మీద తెల్లపొట్టు లేచింది.

చివరికి కరీంనగర్‌లో చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆ డాక్టరమ్మ పేరు ఆరాధన. ఆమె అనసూర్య నెత్తిని వెలుతురుకు తిప్పి చూసి, “మురికేం లేదు గద, ఎందుకు సిగ్గుపడుతున్నరు?” అంది.

“మురికి లేకుంటె చుండ్రు ఎట్ల పడ్డది?”

“అందరి చర్మం మీద కంటికి కనబడని బూజు ఒకటి బతుకుతది. నెత్తిల ఊరే జిడ్డే దానికి తిండి. కొందరి చర్మానికి అది గిట్టదు. గిట్టక దురద పెడ్తది, పొట్టు లేస్తది. చెమట, చలి, నిద్రలేకపోవుడు, దిగులు, ఇవన్నీ దాన్ని ఇంకింత ఎక్కువ చేస్తయి.”

“నేను రోజుకు రెండుసార్లు నూనె పెడ్తున్న డాక్టరమ్మా.”

“అంటే దానికి రెండు పూటలా బువ్వ పెడ్తున్నరన్నట్టు.”

ఒకరి నుంచి ఒకరికి అది అంటుకోదని, పూర్తిగా పోయే రోగం కూడా కాదని, అదుపులో పెట్టుకోవడమే మందని డాక్టరమ్మ చెప్పింది. అనసూర్య బస్సులో వస్తూ ఒక్కతే నవ్వుకుంది. ఇంటికొచ్చి నూనె సీసా అటక మీద పెట్టింది. వారానికి రెండుసార్లు డాక్టరమ్మ రాసిచ్చిన మందు షాంపూ రుద్దుకుని, ఐదు నిమిషాలు ఆగి కడుక్కోవడం మొదలుపెట్టింది. మధ్యలో ఒకరోజు మెంతులు నానబెట్టి రుబ్బి, పెరుగులో కలిపి పట్టించేది. దానివల్ల పొట్టు మెత్తబడి నీళ్ళతో పాటు పోయేది. నెల తిరిగేసరికి నెత్తి చల్లబడింది. అప్పటినుంచి కుర్చీలో ఎవరు కూర్చున్నా, అడిగినా అడక్కపోయినా, ఆ ముక్క చెప్పకుండా గుడ్డ విప్పేది కాదు.

పోయిన డిసెంబరులో ఆమెకొక ఫోను వచ్చింది. శ్రీరాంపూర్‌కు గంట దూరంలో ఒక ఆడపిల్లల హాస్టలు ఉంది. అక్కడి వార్డెను పేరు తిరుమల. ముప్పై ఎనిమిది మంది పిల్లలకు జుట్టు పొట్టిగా కత్తిరించాలి, ఆడపిల్లలు గనక ఆడమనిషే రావాలి అని అడిగింది. అనసూర్య ఒప్పుకుని ఆదివారం పొద్దున్నే సంచి సర్దుకుని వెళ్ళింది.

వరండాలో పిల్లలు వరుసగా నిలబడి ఉన్నారు. చాలామంది జడలు చేత్తో గట్టిగా పట్టుకున్నారు. ముందున్న పిల్ల అలేఖ్య, తొమ్మిదో తరగతి, బోథ్ దిక్కు పత్తి రైతుల బిడ్డ. నడుము దాటిన జడ. అనసూర్య ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, మెడకు గుడ్డ కట్టి, పాపిట తీసి చూసింది. చుండ్రు ఉంది. పాపిట పొడవునా జిడ్డు కట్టి, పొలుసులు పొలుసులుగా ఉంది.

“నీకు ఇష్టమేనా బిడ్డా, పొట్టిగ కోసుడు?”

“నన్నెవరడిగిన్రు?” అంది అలేఖ్య.

అనసూర్య చేతిలో కత్తెర అలాగే ఆగింది. వార్డెను దగ్గరికి వచ్చింది. “అడిగేదేముంది? అందరికీ చుండ్రే. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటున్నది. వచ్చే నెల తనిఖీకి ఆఫీసర్లొస్తరు. యూనిఫాం మీద తెల్లగ కనబడితె మాట వచ్చేది నాకు.”

“పేలు అంటుకుంటయి మేడం. చుండ్రు అంటుకోదు.”

“అందరికీ ఒక్కసారే ఎట్ల పడ్డది మరి?”

అనసూర్య పిల్లలను అడిగింది. నూనె ఎన్నిసార్లు పెడుతున్నారు, నీళ్ళు ఎన్నిరోజులకు పోసుకుంటున్నారు, దేంతో రుద్దుకుంటున్నారు. తలా ఒక మాట చెప్పారు. జుట్టు చెదరకుండా ఉండాలని రోజూ పొద్దున కొబ్బరినూనె తప్పనిసరి. తలస్నానం పదిహేను రోజులకొకసారి, అది కూడా ఒంటి సబ్బుతోనే. ట్యాంకరు వారానికి రెండుసార్లే వస్తుంది గనక నీళ్ళు చాలవు.

“గదీ సంగతి,” అంది అనసూర్య. “రోజూ నూనె పోసి, పదిహేను దినాలు కడగకపోతె మీ నెత్తిల పడ్తది, నా నెత్తిల పడ్తది. ఎంటికలు కోస్తె పోదు మేడం. నేను గుండు గీయించుకున్నా పోలే.”

“నాకు పాఠాలు వద్దు. కోస్తవా, కొయ్యవా?”

అనసూర్య అలేఖ్య మెడ నుంచి గుడ్డ విప్పి, దులిపి, మడతపెట్టింది.

“కొయ్య. పిల్ల అడిగితె కోస్త. మీరడిగితె కొయ్య.”

“నువ్వు కాకుంటె ఇంకొకరు వస్తరు.”

“పిలువుండ్రి. నేను గేటు కాడనే కూసుంట.”

అన్నట్టే గేటు ముందున్న గట్టు మీద కూర్చుంది. నాగరాజుకు ఫోన్ చేసి సంగతి చెప్పింది. ఆదివారమంటే షాపుకు గిరాకీ ఎక్కువ. అయినా అతను, “సరే, నేను షాపు ముంగట కూసుని వచ్చినోళ్ళకు రేపు రమ్మని చెప్త. నువ్వు లేవకు,” అన్నాడు.

మధ్యాహ్నం ఒక ఆటో వచ్చి ఆగింది. దిగినతను రాజయ్య. వార్డెను సంఘానికి ఫోన్ చేస్తే, ఆడపిల్లల దగ్గరికి కుర్రవాళ్ళను పంపడం బాగుండదని పెద్దాయనే వచ్చాడు. గట్టు మీద అనసూర్యను చూసి మొహం ముడుచుకున్నాడు.

“గీడ గూడ నీ లొల్లేనా?”

“లొల్లి కాదు మామా, ఒక్క మాట అడుగుత. పదకొండేండ్ల కింద నువ్వు నన్ను ఇజ్జత్ గురించి అడిగినవ్. ఆ పిల్లలు వద్దంటుంటె పట్టుకోని జడలు కోసుడు మన పనికి ఇజ్జతేనా? చెప్పు. ఇజ్జతే అంటె నేను లేచిపోత.”

రాజయ్య లోపలికి వెళ్ళాడు. అనసూర్య వెనకాలే వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడింది. రాజయ్య సంచి కింద పెట్టి, పిల్లల వైపు తిరిగాడు.

“కటింగ్ ఎవరికి కావాల్నో వాళ్ళు చెయ్యి లేపుండ్రి. బలవంతం లేదు.”

ముగ్గురు లేపారు. ఒకరినొకరు చూసుకుని కాస్త సిగ్గుపడుతూనే లేపారు. అందులో ఒక పిల్ల, తనకు ఎప్పటినుంచో పొట్టి జుట్టంటే ఇష్టమని చెప్పింది. రాజయ్య ముగ్గురికీ ఓపిగ్గా, చక్కగా కత్తిరించాడు. అద్దం చూపించాడు. తర్వాత కత్తెర తుడిచి సంచిలో వేసుకున్నాడు.

“మిగిలినోళ్ళకు వద్దంట మేడం,” అని చెప్పి, అనసూర్య వైపు చూడకుండానే ఆటో ఎక్కాడు.

వార్డెను మొహం ఎర్రబడింది. కాసేపటికి అనసూర్య దగ్గరికి వచ్చి, “తనిఖీకి మూడు వారాలున్నది. అప్పటికి తగ్గకుంటె నేనే కత్తెర పడ్త,” అంది.

“పట్టుండ్రి. అంతదాక నా మాట వినుండ్రి.”

ఆ రోజు నుంచే పని మొదలైంది. రోజూ నూనె పెట్టడం ఆగిపోయింది. కావాలన్నవాళ్ళు తలంటుకు గంట ముందు రాసుకోవచ్చు, కానీ ఆ పూటే కడిగేయాలి. ఆదివారం సగం మందికి, బుధవారం సగం మందికి అని వార్డెను అంటే, అలా కాదు, అందరికీ వారంలో రెండుసార్లు నీళ్ళు కావాలని అనసూర్య పట్టుబట్టింది. వార్డెను తిట్టుకుంటూనే ఇంకొక ట్యాంకరుకు రాసింది. అనసూర్య తెచ్చిన మందు షాంపూ రుద్దుకున్నాక ఐదు నిమిషాలు ఆగాలి గదా, పిల్లలు పన్నెండో ఎక్కం, పదమూడో ఎక్కం రెండేసిసార్లు చదివేవాళ్ళు. కుంకుడుకాయలు నానబెట్టి పిసికిన రసం అలవాటున్నవాళ్ళు దాంతోనే కడుక్కున్నారు. ఒక పిల్ల ఇంటినుంచి నిమ్మకాయలు తెప్పిస్తే అనసూర్య తీసుకుపోయి వంటమనిషి పోశవ్వ చేతిలో పెట్టింది. “పప్పుల పిండు అవ్వా, నెత్తికి వద్దు,” అంది. గోళ్ళతో గోకొద్దని, తడి జుట్టుకు జడ వెయ్యొద్దని, దిండు గలీబులు తలంటు రోజే ఉతకాలని ప్రతి ఆదివారం వచ్చి చెప్పేది. పాపిట తీసి ఒక్కొక్క నెత్తి చూసేది.

అందరికీ ఒక్కలా తగ్గలేదు. రెండో వారానికే చాలామందికి దురద పోయింది. ఐదారుగురికి మూడు వారాలైనా అక్కడక్కడా పొట్టు కనబడుతూనే ఉంది. ఒక పిల్లకు నెత్తి మీద రూపాయి బిళ్ళంత మేర వెంట్రుకలు ఊడి గుండ్రంగా మచ్చ పడి ఉంది. అది చూసి అనసూర్య, “ఇది చుండ్రు కాదు మేడం, తామర లెక్కున్నది. ఇది అంటుకునేదే. ఇంట్ల మందులతోని పోదు, దవాఖానకు తీస్కపోవాలె,” అంది. వార్డెను ఆ మరునాడే తీసుకెళ్ళింది. డాక్టరు కూడా అదే మాట చెప్పి మింగే మందు రాసిచ్చాడు. ఆ పిల్ల దువ్వెన, తువాలు వేరు చేశారు.

తనిఖీకి ఆఫీసర్లు వచ్చారు. వంటగది చూశారు, హాజరు పుస్తకాలు చూశారు. పిల్లల నెత్తుల వైపు ఎవరూ చూడలేదు. ఆ సంగతి అలేఖ్య ఫోన్ చేసి చెప్తే అనసూర్య, “చూడకుంటె పాయె. దురద పోయింది మీకు, ఆఫీసర్లకు కాదు,” అంది.

తిరుమల ఆమెను మెచ్చుకోలేదు, మళ్ళీ ఏ పనికీ పిలవలేదు. కానీ వారానికి రెండుసార్లు తలంటు మాత్రం ఆపలేదు, మూడో ట్యాంకరు కూడా ఆగలేదు. పిల్లల్లో ముప్పై ఐదుగురి జడలు ఉన్నచోటే ఉన్నాయి.

ఉగాదికి ముందు అనసూర్య షాపు బయట ఒక చిన్న బోర్డు పెట్టింది. నాగరాజు చెప్తుంటే పెయింటరు రాశాడు: ‘ఆడపిల్లల జుట్టు వాళ్ళు అడిగితేనే కత్తిరించబడును.’ ఆ వారంలోనే ఒకతను పదేళ్ళ కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. పరీక్షలప్పుడు జడలతో టైం దండగ, మగపిల్లల్లా కోసెయ్యమన్నాడు. అనసూర్య పిల్లను అడిగింది. పిల్ల తల అడ్డంగా ఊపింది.

“నేను చెప్తున్న గద,” అన్నాడతను.

“నెత్తి ఎవరిదో వాళ్ళనే అడుగుత అన్నా.”

అతను కోపంగా కూతురిని తీసుకుని వెళ్ళిపోయాడు. నాలుగు రోజుల తర్వాత గడ్డం పెరిగి ఒక్కడే వచ్చాడు. కూతురికి జడలు అలాగే ఉన్నాయని తనే చెప్పాడు. అనసూర్య అతని మెడకు గుడ్డ కట్టి, సబ్బు నురగ పట్టించి, కత్తి చేతిలోకి తీసుకుంది.

“గడ్డమేనా అన్నా, మీసం గూడ తీసెయ్యాల్నా?”

“గడ్డమే,” అన్నాడతను, మీసం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని.