కాటుక పెట్టిన గిటారు

ఉదయం ఏడుంబావుకు మా అత్తగారు అన్నం వార్చారు. ఆ గంజి కోసం మావారు గిన్నె పట్టుకుని పక్కనే నిలబడ్డారు. డెబ్బైల్లో, బెజవాడలో మా అద్దె ఇల్లు. అత్తగారిది నేతవాళ్ల కుటుంబం, నూలుకు గంజి పెట్టి నేసేవాళ్లు. పట్నం వచ్చాక మగ్గం పోయింది గానీ గంజి మీద నమ్మకం పోలేదు. ఏది అంటించాలన్నా గంజే.

మావారు పెళ్ళిళ్లలో వాయించే ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవారు. తీగల కింద అడ్డంగా ఉండే ఇత్తడి మెట్లు కొన్ని ఎత్తయి, తీగ గరగరమనేది. మర్నాడు చల్లపల్లి పెళ్ళిలో కూడా అలాగే మోగితే వేరే మనిషిని చూసుకుంటానని ఆర్కెస్ట్రా పెద్ద చెప్పేశాడు. మెట్లు సమం చేసే పనిముట్టు మాకు తెలిసిన ఏ కొట్లోనూ లేదు. అందుకని టేకు చెక్కకు గంజితో గరుకు కాగితం అంటించి ఎండలో పెట్టారు.

మధ్యాహ్నం తీగలు విప్పి, మెట్లన్నిటికీ నా కాటుక పూశారు. చెక్కతో రుద్దితే ఎత్తుగా ఉన్నచోట నలుపు పోవాలి.

"పెళ్ళికూతురిక్కూడా ఇంత కాటుక పెట్టరురా," అన్నారు అత్తగారు.

రెండు కొసల మెట్ల మీదే నలుపు పోయింది. మధ్య మెట్లు పల్లమేమో, కొసలు ఇంకా అరగదియ్యాలేమో అన్నారాయన. నాకు చెక్క మీద అనుమానం వచ్చింది. దాన్ని గచ్చు మీద బోర్లించి నడుమ కింద నా తలపిన్ను తోశాను. సులువుగా దూరింది. గంజి తడికి, ఎండకు చెక్క వంగిపోయింది.

ఆయన లేచి, తను గడ్డం గీసుకునే అద్దాన్ని చట్రంలోంచి ఊడదీశారు.

"రేపు గడ్డం ఎట్టా గీసుకుంటావురా?"

"గిటారు పలికితే చాల్లేమ్మా. నా మొహం ఎవరు చూస్తారు?"

కాగితాన్ని అద్దానికి కూడా గంజితోనే అంటించమని అత్తగారు పట్టుబట్టారు. అద్దం వంగదు కాబట్టి ఈసారి గంజి పనిచేసింది. దాంతో రుద్దితే కాటుక అక్కడక్కడా పోయింది, మళ్లీ పూశాం, చివరికి అన్ని మెట్ల మీదా ఒక్కసారే పోయింది. తీగలు బిగించి మీటారు. గరగర లేదు.

మర్నాడు గడ్డం మీద రెండు గాట్లతో చల్లపల్లి బస్సెక్కారు. తిరిగొచ్చాక, పెద్ద ఏమన్నాడని అడిగాను.

"గాట్లేమిటని అడిగాడు. గిటారు మాటే ఎత్తలేదు," అని నవ్వారు. ఆ ఆర్కెస్ట్రా ఉన్నన్నాళ్లూ అందులోనే వాయించారు.

ఆయన పోయాక గిటారు నా దగ్గరే ఉంది. దాని మెట్లకు ఇప్పుడెవరూ కాటుక పెట్టరు.